లభ్యతకు లెక్క ప్రమాణము కాదు

కంప్యూటరు కొనదలచిన గృహస్థు మొదలు పాఠశాలలకు యంత్రములు సరఫరా చేయించు అధికారి వఱకు, పత్రికలలో సాంకేతిక శీర్షికలు నడపు విమర్శకుడు మొదలు కళాశాలలో కంప్యూటరు పాఠము చెప్పు అధ్యాపకుని వఱకు, నేడు అందఱి నోటను ఒక్కటే మాట వినవచ్చుచున్నది. ఏ ఆపరేటింగ్ సిస్టమునకు ఎక్కువ సాఫ్ట్‌వేరు దొరకునో అదియే ఉత్తమమైనదట. విండోసునకు దొరకని ప్రోగ్రాము లేదట. మాక్‌నకు దొరకునవి తక్కువయైనను మేలైనవట. లినక్సునకు మాత్రము ఏమియు దొరకదట. ఇక ఆ లినక్సువారు పదే పదే చెప్పు స్వేచ్ఛ, మూలము బహిరంగముగా నుండుట మొదలగునవి తీరికగలవారి వినోదములే గాని పనిగలవారికి పనికివచ్చు గుణములు కావట. ఈ వాదమున రెండు ప్రతిజ్ఞలు ఇమిడియున్నవి. లభ్యత యనునది లెక్కపెట్టి తేల్చదగినదనుట మొదటిది. లభ్యతయు స్వేచ్ఛయు వేర్వేరు గుణములనియు, అందొకటి అవసరమనియు మఱియొకటి అలంకారమనియు అనుట రెండవది. రెండును తప్పులే యని నా పక్షము. అందు రెండవది మొదటిదానికంటె పెద్ద తప్పు.

స్వేచ్ఛ యనగా నిచ్చట ఏమో ముందు చెప్పుకొందము. ప్రోగ్రామరు వ్రాసిన మూలము మనుష్యుడు చదువదగినది. కంపైలరు దానిని మార్చి వెలువరించు రూపము యంత్రము మాత్రమే చదువగలది. మూలమును దాచి రెండవదానిని మాత్రమే అమ్ముట సృష్ట్యాదినుండి వచ్చుచున్న ఆచారమని నేటివారు తలంచుచున్నారు గాని, అది నడుమ వచ్చిన ఆచారము. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు ఆరంభించిన యూనిక్సు, దాని యజమానియగు ఏ.టి. అండ్ టి. సంస్థ 1956 నాటి కోర్టు ఒడంబడికచేత టెలిఫోను వ్యాపారమును దాటరాదని కట్టుబడియుండుటవలన, విశ్వవిద్యాలయములకు మూలముతో సహా స్వల్పమైన వెలకే చేరెను. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అను అధ్యాపకుడు ఆ మూలమునకు వ్యాఖ్య వ్రాసి విద్యార్థులకు పాఠము చెప్పెను. పిదప సంస్థవారు మూలమును తరగతిలో బోధింపరాదని లైసెన్సులో నిషేధింపగా, ఆ వ్యాఖ్య ఇంచుమించు ఇరువది యేండ్లు జిరాక్సు ప్రతులుగా చేతులు మాఱి, 1996లో గాని బహిరంగముగా అచ్చు కాలేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ సంకల్పమును ప్రకటించుటయు, 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును వెలువరించుటయు, 1993లో ఇయన్ మర్డాక్ లినక్సుపై కట్టిన డెబియన్ వ్యవస్థను ఆరంభించుటయు ఈ మూసిన తలుపును మరల తెఱచు ప్రయత్నములే.

ఇక మొదటి ప్రతిజ్ఞ. విండోసునకు ప్రోగ్రాములు మిక్కుటముగా గలవని నేను కాదనను, కాదన్నచో నవ్వుబాటగును. ఐతే ఒక వస్తువు మిక్కుటముగా నున్నదని చూపుట వేఱు, ఆ మిక్కుటము దాని కాశ్రయమిచ్చిన వ్యవస్థయొక్క గుణమువలన కలిగినదని చూపుట వేఱు. మొదటిదానితోనే తృప్తిపడువారు, 1999 నవంబరు 5వ తేదీన అమెరికా న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ మైక్రోసాఫ్టు వ్యాజ్యమున ప్రకటించిన యథార్థ నిర్ణయములను ఒక్కసారి తిరుగవేసిన బాగుండును. విండోసునకు 70,000 పైచిలుకు ప్రోగ్రాములు గలవనియు, ఆపిల్‌వారి మాక్‌నకు 12,000 పైచిలుకు గలవనియు, ఐ.బి.ఎం. వారు కోట్లకొలది డాలర్లు వెచ్చించి నిలబెట్టజూచిన ఓ.ఎస్.-2కు ఉచ్చదశయందు సైతము సుమారు 2,500 మాత్రమే గలవనియు అందాయన లెక్క చెప్పెను. చెప్పియు, ఆ లెక్కనుండి విండోసు మేలైనదను తీర్పునకు రాలేదు. జనులు ఎక్కువగా నున్నచోటికి ప్రోగ్రాములు వ్రాయువారు పోవుదురు, ప్రోగ్రాములు ఎక్కువగా నున్నచోటికి జనులు పోవుదురు. ఈ చక్రము ఒకసారి తిరుగ నారంభించిన పిమ్మట వెలుపలివాడెంతటి మేలైన వ్యవస్థను తెచ్చినను లోనికి రాజాలడని ఆయన తేల్చినది. ఆ స్థితికి ఆ తీర్పున ‘అనువర్తనముల అడ్డుగోడ’ యనియే వ్యవహారము. సంస్థను రెండుగా చీల్చవలయునన్న ఆయన ఆజ్ఞను 2001లో పై న్యాయస్థానము కొట్టివేసినను, గుత్తాధిపత్యమును అక్రమమార్గముల నిలుపుకొనిరను నిర్ణయమును మాత్రము కొట్టివేయలేదు. మనవారు యోగ్యతాపత్రముగా చూపుచున్న సంఖ్యను ఆ న్యాయస్థానము అభియోగమునకు సాక్ష్యముగా పరిగణించెనన్నమాట.

గోడ తానుగా లేచినదని కూడ చెప్పలేము. 1991లో విండోస్ 3.1 యొక్క పరీక్షాప్రతిలో ఒక గూఢమైన కోడ్ చేర్చబడెను. యంత్రమున నున్నది మైక్రోసాఫ్టువారి డాస్ గాక పోటీదారులైన డిజిటల్ రిసెర్చివారి డి.ఆర్. డాస్ ఐనచో, లేని దోషమును ఉన్నట్లు తెరపై చూపి భయపెట్టుటయే దాని పని. తుదిప్రతిలో అది నిద్రపుచ్చబడెను గాని తొలగింపబడలేదు. దానిని గూర్చిన వ్యాజ్యము 2000లో రాజీతో ముగిసినది. ఆ తరువాతి కథ ఐరోపాలో జరిగినది. విండోస్ యంత్రములు ఫైళ్లు పంచుకొను భాషను మైక్రోసాఫ్టువారు ఇతరులకు తెలుపకుండిరి. ఆస్ట్రేలియా ప్రోగ్రామరు ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో ఆరంభించిన సాంబా యనునది, తీగలపై పోవు సంభాషణను గమనించి గమనించి ఆ భాషను పట్టుకొన్నది. 2004లో ఐరోపా కమిషను 49 కోట్ల 70 లక్షల యూరోల జరిమానా విధించి, ఆ వివరములు పోటీదారులకు ఈయవలసినదని శాసింపగా, 2007 చివరకు సాంబావారికి అవి 10,000 యూరోలకు లభించినవి. ‘లినక్సు మా ఆఫీసు నెట్‌వర్కులో కలియదు’ అని పెదవి విఱుచు పెద్దలు, కలియకుండ చేసినదెవరో, కలియజేసినదెవరో విచారించి మఱి విఱువవలయును.

లెక్కకు లెక్కతోనే బదులు చెప్పవలెనన్న కోరిక కొందఱు లినక్సు అభిమానులకు గలదు. 2025 ఆగస్టున విడుదలయైన డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలు గలవు. జాక్సన్ మహాశయుడు విండోసునకు చెప్పిన సంఖ్య కిది సరిపోయినదని వారు చంకలు గుద్దుకొనవచ్చును. ఈ గెలుపు నాకు వద్దు. ప్యాకేజీ యనగా ప్రోగ్రామే కానక్కఱలేదు; ఒక్క ఆఫీసు సాఫ్ట్‌వేరే భాషకొక ప్యాకేజీగా, భాగమున కొక ప్యాకేజీగా ముక్కలై యుండును; పెక్కు ప్యాకేజీలు ఇతర ప్రోగ్రాములు వాడుకొను లైబ్రరీలు మాత్రమే. అట్లే ఆండ్రాయిడ్ ఫోనులో నున్నదియు లినక్సు కెర్నెలే గనుక లినక్సునకు లక్షలకొలది ఆప్‌లు గలవనుటయు మాటల గారడియే. ఆ ఆప్‌లలో ననేకములు గూగుల్‌వారి మూసిన సేవలపై నాధారపడి, అవి లేని ఫోనులో కుంటుచుండును. ఆ మూసిన భాగమును ఫోను తయారీదారుల మెడకు కట్టిన తీరునకే 2018లో ఐరోపా కమిషను 434 కోట్ల యూరోల జరిమానా విధించినది. కెర్నెలు తెఱచియుండి తక్కినది మూసియున్నచో దానిని తెఱచినదనుట చెల్లదు.

లెక్క మాట విడిచి, లభించుట యనగా నేమో చూతము. డెబియన్ యంత్రమున టెర్మినల్ తెఱచి ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఇంక్‌స్కేప్’ అని ఒక్క పంక్తి కొట్టినచో, ఆ చిత్రలేఖన ప్రోగ్రామును దానికి కావలసిన లైబ్రరీలును సంతకములు సరిచూడబడి యంత్రములోనికి దిగును. లైసెన్సు సంఖ్య అడుగువారు లేరు, ఖాతా తెఱువుమనువారు లేరు. అదే పంక్తిలో ‘ఇన్‌స్టాల్’కు బదులుగా ‘సోర్స్’ అని కొట్టినచో, మూలపు భాండారమును ముందుగా జాబితాలో చేర్చుకొని యున్నయెడల, ఆ ప్రోగ్రాముయొక్క మూలమంతయు వచ్చి మన డైరెక్టరీలో కూర్చుండును. ఈ రెండవ పంక్తిని నూటికి తొంబదితొమ్మండుగురు ఎన్నడును కొట్టరు. ఐనను మొదటి పంక్తి నిలకడగా పనిచేయుటకు రెండవదానికి గల అవకాశమే కారణమని చూపుటకు 2012వ సంవత్సర మొక్కటి చాలును.

ఆ యేడు రెండు సంఘటనలు జరిగినవి. వ్యక్తిగత కంప్యూటర్లలో ఇంటెల్ వంశపు ప్రాసెసర్లే యుండుట పరిపాటి కాగా, ఆ యేడు ఫిబ్రవరిలో రాస్‌ప్‌బెరీ పై యను అరచేతి కంప్యూటరు ఆర్మ్ జాతి ప్రాసెసరుతో వెలువడెను. అక్టోబరులో మైక్రోసాఫ్టువారు సర్ఫేస్ ఆర్.టి. యను పలకను అదే జాతి ప్రాసెసరుతో వెలువరించిరి. పలకలో నున్నది విండోసే. పేరదే, బొమ్మలవే, దాని నమ్మినవారు లోకమున మిక్కిలి ధనముగల సంస్థలలో నొకరు. ఐనను విండోసునకుగల ఆ ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరు సంపదలో ఒక్క ప్రోగ్రామును దానిపై నడువలేదు. సంస్థవారు తాము కూర్చిన ఆఫీసును, తమ అంగడిలోని కొత్త ఆప్‌లును తప్ప తక్కినవానికి ద్వారము మూసిరి. తెఱచినను ఫలముండెడిది కాదు. ఏలయన ఆ ప్రోగ్రాముల మూలములు వేలకొలది వేర్వేరు కర్తల పెట్టెలలో నున్నవి. అందు కొందఱు వ్యాపారము చాలించిరి, కొందఱు కొత్త ప్రాసెసరునకు మరల కంపైలు చేయుటకు ప్రయోజనము గానక యూరకుండిరి. 2013 జూలైలో ఆ పలకల నిమిత్తము సంస్థ 90 కోట్ల డాలర్లు నష్టముగా వ్రాసికొనవలసి వచ్చెను. ఇటు రాస్‌ప్‌బెరీ పై సంగతి చూడుడు. దాని ప్రాసెసరు ఒక విచిత్రమైన నడిమి తరమునకు చెందినది. డెబియన్‌వారి సిద్ధమైన ఆర్మ్ ప్రతులలో వేగముగలది దానిపై నడువదు, నడుచునది వేగమీయదు. ఆ కొఱత గమనించి కొద్దిమంది ఔత్సాహికులు, ఏ కర్త అనుమతియు నడుగకయే, డెబియన్ మూలములను దింపుకొని, కొన్ని నెలలపాటు చిన్న యంత్రముల వరుసపై రాత్రింబవళ్లు కంపైలు చేసి, 35,000 పైచిలుకు ప్యాకేజీలను ఆ ప్రాసెసరునకు సిద్ధము చేసిరి. అదియే రాస్‌బియన్. కోటానుకోట్ల ధనముగల సంస్థకు చేతకానిది ఆ గుప్పెడుమందికి ఎట్లు చేతనయ్యెను? వారియందు విశేషమైన శక్తి యేమియు లేదు. మూలము చేతనుండుటయే విశేషము.

ఉన్నదానిని నిలుపుకొనుటయందును భేద మిదియే. 2019 అక్టోబరున ఆపిల్‌వారు మాక్ ఓ.ఎస్. కాటలినాను వెలువరించి, 32 బిట్ల ప్రోగ్రాము లేవియు ఇక నడువవని నిలిపివేసిరి. అంతకుముందు రోజువఱకు నడుచుచున్నవి, సొమ్ము పోసి కొన్నవి, చెడిపోనివి, మఱునాటికి నడువని బొమ్మలై మిగిలినవి. కర్త పూనుకొని కొత్తప్రతి యిచ్చిన సరి, లేనిచో కొన్నవాడు చేయగలది పాత ఆపరేటింగ్ సిస్టమును పట్టుకొని వ్రేలాడుటయే. విండోసువారు ఈ విషయమున ఆపిల్‌కంటె దయగలవారని ఒప్పుకొందును. ముప్పదియేండ్లనాటి ప్రోగ్రాములు సైతము వారి యంత్రములపై పెక్కు నడుచుచున్నవి. కాని దయ యనునది వారిది, హక్కు యనునది మనది కాదు.

పూటకూళ్ళయింట విస్తరిలో ఎన్ని వ్యంజనములు వడ్డింతురో చూచి దానిని మెచ్చువానిని తప్పుపట్టను. ఆకలిగొన్నవానికి ఆ లెక్క కావలసినదే. ఐతే పథ్యము తినవలసిన రోగి వచ్చినపుడు, పొయ్యికడకు పోనిచ్చు ఇంటికిని, పోనీయని ఇంటికిని గల భేదము విస్తరిలోని లెక్కచేత తెలియదు. తెలుగువారు కంప్యూటరు లోకమున బహుకాలము అట్టి రోగులై యుండిరి. యూనికోడ్ ప్రమాణమున తెలుగులిపికి 1991లోనే స్థానము లభించెను. న్యాయమూర్తి 70,000 ప్రోగ్రాములు లెక్కించిన 1999లో విండోసు తనంతట తాను తెలుగు లిపిని కూర్చి చూపజాలకుండెను. గౌతమి యను అక్షరరూపముతో ఆ శక్తి దానికి 2001లో ఎక్స్.పి.తో గాని రాలేదు. ఆ నాటి లినక్సుకును తెలుగు రాదు గదా యని ప్రతివాది అడుగవచ్చును. రాదు, నిజమే. కాని తెలుగు రావలెనన్న కోరిక గలవాడు ఒకచోట అమెరికాలోని సంస్థకు మార్కెటు లాభము తోచువఱకు వేచియుండవలెను. మఱియొకచోట తాను కూర్చుండి వ్రాయవచ్చును. అట్లే వ్రాసిరి కూడ. హైదరాబాదున స్వేచ్ఛ యను సంస్థవారు మెనూలు, సందేశములు తెలుగుచేసి లినక్సును తెలుగులో పలికించిరి. పోతన, వేమన అను పేర్లతో వెలసిన అక్షరరూపములును, రెడ్‌హ్యాట్‌వారి లోహితును, సిలికానాంధ్ర పక్షమున వెలువడిన ధూర్జటి, మల్లన్న, రామభద్ర, గిడుగు మొదలగునవియు బహిరంగ లైసెన్సులతో నుండుటవలన, నేడు విండోసు, మాక్, లినక్సు అను భేదము లేక అందఱి యంత్రములలోను వాడబడుచున్నవి.

ఈ భాగమును ఇంకొంచెము దగ్గరగా చూపవలసియున్నది, ఏలయన మనవారి నష్టము మనవారికే ఎఱుక లేదు. తొంబదులనుండి విజయవాడ, హైదరాబాదు మొదలగు పట్టణములలోని డి.టి.పి. దుకాణములలో తెలుగు పుస్తకములు, పెండ్లిపత్రికలు, కరపత్రములు పుటలు కూర్చు పేజ్‌మేకరు ప్రోగ్రాములో, యూనికోడు కాని అక్షరరూపములతో కూర్చబడినవి. అవి తెలుగు ముద్రణకు చేసిన ఉపకారము గొప్పది. వాని అందమును నేను నిందింపను. కాని వానియందు ‘క’ యను అక్షరము కంప్యూటరు దృష్టికి ‘క’ కాదు; అది ఏ ఇంగ్లీషు అక్షరముయొక్క లేక ఫ్రెంచి అక్షరముయొక్క గదిలోనో దాచిన ఒక బొమ్మముక్క. తలకట్టొక గదిలో, గుడి యింకొక గదిలో, ఒత్తు వేఱొక గదిలో నుండును. ఆ అక్షరరూపము లేని యంత్రమున ఆ ఫైలును తెఱచినచో, చుక్కలును గీతలును తలపై మోయుచున్న ఐరోపా అక్షరములు బారులు తీఱి కనబడును. అందు ‘గోదావరి’ యని వెదకిన గోదావరి దొరకదు, అకారాది క్రమమున పేర్చుమన్న పేర్చదు. పేజ్‌మేకరునకు 2001లో వచ్చిన 7వ ప్రతియే కడపటిది. ఆ ఫైళ్లను తెఱువగలిగిన ఇన్‌డిజైనుయొక్క కొత్త ప్రతులు ఆ శక్తిని విడిచిపెట్టినవి. ‘సాఫ్ట్‌వేరు విస్తారముగా దొరకు’ వ్యవస్థపై ఒక తరము తెలుగు వాఙ్మయమిట్లు కూర్చబడి, నేడు తెఱువ వీలులేని పెట్టెలలో నున్నది.

దినపత్రికల సంగతియు నట్టిదే. ఇంటర్నెట్టు కొత్తలో ప్రముఖ తెలుగు దినపత్రికలు తమ తమ సొంత అక్షరరూపములతో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుననే సరిగా కనబడు పద్ధతిలో వెలువడెడివి. అన్య బ్రౌజరున చూచువారికి అవి అర్థముకాని గీతలు. ఆ చిక్కు విప్పినది ఏ పత్రికా కాదు, ఏ పెద్ద సంస్థయు కాదు. ఫైర్‌ఫాక్సు బ్రౌజరు ఎవరైనను పొడిగింపవీలైన నిర్మాణముతో నుండుటవలన, ఒక తెలుగు ప్రోగ్రామరు ‘పద్మ’ యను చిన్న పొడిగింతను వ్రాసి, ఆయా పత్రికల గీతలను పుట తెఱచినపుడే యూనికోడు తెలుగుగా మార్చిపెట్టెను.

మూసిన పెట్టెలో తెలుగు చేరినను అది పెట్టెవాని చిత్తమునకు లోబడియే యుండును. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులకు వచ్చిన ఆపద పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. జకారము, పొల్లు, ఞకారము, వాని వెనుక కంటికి కనబడని ఒక వేర్పాటు గుర్తు, ఆపై దీర్ఘము. ఈ క్రమమున వచ్చిన ‘జ్ఞా’ యను ఒక్క అక్షరము సందేశముగా రాగానే ఆ సందేశము చూపు ఆప్ కూలెడిది. కొన్ని సందర్భములలో ఫోనే మరల మరల ఆగి మొదలగుచుండెడిది. అక్షరములను కూర్చి తెరపై నిలుపు భాగములోని దోషమది. ఆ భాగము మూసియున్నది గనుక దోషము కనుగొన్నవారికి దిద్దు అధికారము లేదు. ఆపిల్‌వారు ఫిబ్రవరి 19న ఐ.ఓ.ఎస్. 11.2.6 వెలువరించు వఱకు ప్రపంచమంతయు ‘జ్ఞా’ను చూచి బెదరుచుండెను. ఆ కొన్నాళ్లు ఇంగ్లీషు పత్రికలు మన లిపినే ఏదో మంత్రాక్షరమువలె వర్ణించినవి. తప్పు లిపిది కాదని చెప్పువారు తక్కువైరి. లినక్సు, ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్సు, లిబ్రెఆఫీసులలో ఇదే పని చేయునది హార్ఫ్‌బజ్ అను బహిరంగమైన సాధనము. దానియందు దోషములుండవని నేననను, ఉన్నవి, ఉండును. తెలుగు ఒత్తు పక్కకు జరిగినచో ఎక్కడ జరిగినదో మూలము తెఱచి చూపి, దిద్దుబాటు వ్రాసి పంపు అధికారము మాత్రము గుంటూరువానికిని గలదు, డల్లస్‌లోని తెలుగువానికిని గలదు.

ఇక ప్రతివాది చేతనున్న గట్టి ఆయుధము. ట్యాలీ లినక్సుపై నేరుగా నడువదు, ఫోటోషాపు నడువదు, లెక్కలు వ్రాయువాడును ఫోటో స్టూడియోవాడును ఏమి కావలెనని అతడడుగును. ఇది నిజమైన కష్టము. ‘వానికి బదులు ఇది వాడుము’ అని జాబితా చదువుట సమాధానము కాదని నాకును తెలియును. ఇరువది యేండ్లు ఒక ప్రోగ్రాముపై వ్రేళ్లు తిరిగినవానికి గింప్ ఫోటోషాపు కాదు. ఐతే ఈ కష్టమెవరు కల్పించినదో విభజించి చూడవలెను. వర్తకుడు తన ప్రోగ్రామును తనకు లాభమున్నచోట అమ్ముకొనుట యొకటి. ప్రభుత్వమే పౌరుని ఒక సంస్థ అంగడికి తోలుట వేఱొకటి. 2006లో ఆరంభమైన కంపెనీ వ్యవహారముల మంత్రిత్వశాఖవారి ఎలక్ట్రానిక్ ఫారములు పేరునకు పి.డి.ఎఫ్.లే యైనను, అడోబీ రీడరున దప్ప లినక్సునందలి సామాన్య పి.డి.ఎఫ్. ప్రోగ్రాములలో తెఱచుకొనెడివి కావు. ఆదాయపు పన్ను రిటర్నుల కిచ్చిన ఎక్సెల్ ఫారములు అసలు ఎక్సెల్‌నే, అందును మాక్రోలతో సహా, కోరెడివి. చట్టమునకు లోబడి పన్ను కట్టు పౌరుడు ఒక విదేశ సంస్థ సరకు కొనితీరవలెనని చట్టమున నెచ్చటను లేదు; ఫారమున మాత్రము ఉండెను. ఆ తరువాత వానిని కొనినవారిని లెక్కపెట్టి, చూచితిరా జనులు దేనిని కోరుచున్నారో యని చెప్పుట! భారత ప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్సుకు ప్రాధాన్యమీయవలెనని విధానము ప్రకటించినది. విధానము ఒక బల్లపై నుండును, ఫారము వేఱొక బల్లపై తయారగును.

మ్యూనిక్ నగరమును చూపి నోరుమూయింపజూచువారును కలరు. 2003లో ఆ నగరసభ తన కార్యాలయములను లినక్సునకు మార్ప నిశ్చయించి, 2013 నాటికి సుమారు 15,000 యంత్రములను మార్చి, 2017లో మరల విండోసునకు పోవ తీర్మానించినది; కావున లినక్సు ఓడినదట. ఓడినది నిజమే, దేనిచేత ఓడినదో చెప్పరు. వెలుపలి కార్యాలయములనుండి వచ్చు పత్రములు విండోసు ఆకృతిలోనే వచ్చుచుండుటయు, కొన్ని ప్రోగ్రాములు విండోసుపైననే నడుచుటయు వారి ఫిర్యాదులలో ముఖ్యమైనవి. అనగా న్యాయమూర్తి చెప్పిన ఆ గోడయే. జర్మనీలోనే ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రము 2024లో తన 30,000 ప్రభుత్వ యంత్రములను లిబ్రెఆఫీసునకును లినక్సునకును మార్చుచున్నట్లు ప్రకటించినది. అంత దూరమేల? మన దేశముననే కేరళమున ఐ.టి. ఎట్ స్కూల్ పథకము మొదలుకొని పాఠశాలలలో ఏండ్లతరబడి లినక్సుపైననే పిల్లలు చదువుచున్నారు, పరీక్షలు వ్రాయుచున్నారు. అచ్చటి పిల్లలు మన పిల్లలకంటె కంప్యూటరున వెనుకబడిరని చెప్పువానిని నేనింతవఱకు చూడలేదు.

తెఱచియున్న ఇల్లు దొంగలకు సుళువనునది కడపటి ఆక్షేపణ. 2024 మార్చిలో ఎక్స్.జెడ్. అను చిన్న సాధనమున ఎవడో రెండేండ్లు నమ్మకముగా పనిచేసినట్లు నటించి రహస్యద్వారము నొకదానిని అమర్చెను. ఆక్షేపకు లిది చూపుదురు. చూపవలసినదే, ఒంటరివాడు జీతములేక మోయుచున్న సాధనములపై లోకమంతయు నాధారపడుట ఈ పక్షమువారి తీఱని లోపము. కాని ఆ ద్వారము బయటపడిన తీరు కూడ చెప్పవలెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ప్రోగ్రామరు, లాగిన్ అగుటకు అరసెకను ఆలస్యమగుచున్నదేల యని విసుగుపడి, మూలమువెంట పోయి పట్టుకొనెను. అతడు మైక్రోసాఫ్టు ఉద్యోగియే యగుట ఒక వినోదము. మూసిన పెట్టెలో అరసెకను ఆలస్యమును అనుభవించినవాడు ఆలస్యమును అనుభవించి యూరకుండును. 2017 మేలో వానాక్రై మాల్‌వేరు విండోసు యంత్రములలో చొరబడినపుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లును కొన్ని దాని వాతబడినవి. మూసియుండుట వానిని కాపాడలేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సంస్థవారి సాధారణ రక్షణ ముగిసినది. విండోస్ 11 కావలెనన్న టి.పి.ఎం. 2.0 అను చిప్పును, ఇంచుమించు 2017 తరువాతి ప్రాసెసరును ఉండవలెనని వారి నియమము. ఆ నియమమునకు చాలని యంత్రములు మన పాఠశాలలలోను, పంచాయతీ కార్యాలయములలోను, గ్రంథాలయములలోను విస్తారముగా గలవు. వానిలో చెడిపోయినవి కొన్నియే. తక్కినవి తీసివేయబడుట కేవలము నియమమువలన. డెబియన్‌వారును తమ 13వ ప్రతినుండి 32 బిట్ల పాత యంత్రములలో కొత్తగా స్థాపించు సదుపాయము నాపిరి గనుక వారికిని దాక్షిణ్య మనంతము కాదు. కాని విండోస్ 10 నడుచుచున్న యంత్రములలో అత్యధికము 64 బిట్లవే. కొత్తవానికి టెండరు పిలుచుటకు ముందు ఏ జిల్లా విద్యాధికారియైనను అట్టి యంత్రము నొకదానిని తెప్పించి, పెన్‌డ్రైవునుండి డెబియన్ నెక్కించి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును, లిబ్రెఆఫీసును, ఫైర్‌ఫాక్సును అమర్చి, పదవ తరగతి పిల్లవానిచేత ఒక పుట తెలుగు వ్రాయించి చూడవలయును. అందులకు ఒక మధ్యాహ్నము పట్టును. ఆ తరువాత టెండరు పిలిచినచో, పిలిచిన కారణమును ఫైలుపై వ్రాయవలసియుండును.